హైదరాబాద్ హాస్టళ్లు: చందా నుంచి అద్దె దాకా

నిజాం రాజ్యంలో పైచదువు అంటే దాదాపుగా రాజధాని చదువే. నిజాం కాలేజీ 1887లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో హైదరాబాద్‌లోనే వెలిశాయి. జిల్లాల్లో హైస్కూళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. పల్లెల్లో ఉంటే గింటే ఒక ఖాన్గీ (ప్రైవేటు) బడి. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో పిల్లవాణ్ణి నగరానికి పంపాలంటే ఫీజుకన్నా ముందు తేలాల్సినవి తిండి, పడక. నగరంలో చుట్టాలుంటే వాళ్లింట్లో ఒక మూల దొరికేది. చుట్టాలు లేని బ్రాహ్మణ పిల్లలకు వారాలు చేసుకునే ఆనవాయితీ ఒకటుంది. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. రాత్రికి ఏ సత్రం అరుగో, గుడి మండపమో. వ్యవసాయ కులాల పిల్లలకు, చేతివృత్తుల వారి పిల్లలకు ఆ దారి కూడా లేదు. భూములున్న పటేలు కొడుకైనా నగరంలో అద్దెగది వెతుక్కుని, వంట చేసుకుని, ఉర్దూలో సాగే చదువును అందుకోవాల్సి వచ్చేది.

ఈ లోటు తీర్చడానికి 1918లో రెడ్డి హాస్టల్ ఏర్పడింది. దీన్ని నిలబెట్టినవారు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి ప్రాంతం నుంచి వచ్చి పోలీసు ఉద్యోగంలో పైకెదిగి, 1920లో నగర కొత్వాలు (పోలీసు అధిపతి) అయిన మనిషి. సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు చందాలిచ్చారు. నిజాం కొలువులో ఆయనకున్న పలుకుబడి ఆ చందాలకు ఊతమైందని వేరే చెప్పనక్కర్లేదు. సురవరం ప్రతాపరెడ్డి ఈ హాస్టల్ కార్యదర్శిగా పనిచేశారు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన ఆ సురవరమే. ఆయన చేతిలో హాస్టల్ తిండి, పడకలకే పరిమితం కాలేదు. గ్రంథాలయం వచ్చింది, తెలుగు మాట్లాడటానికీ చదవడానికీ చోటు దొరికింది. తరగతి గదిలో ఉర్దూ వినే కుర్రవాడు సాయంత్రం తెలుగు పత్రిక చేతబట్టే వీలు హాస్టల్లోనే కలిగింది. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడైన రావి నారాయణరెడ్డి విద్యార్థిగా ఇక్కడ ఉన్నవారే. కొత్వాలు పెట్టిన హాస్టల్ నుంచి నిజాం పాలనను ఎదిరించిన నాయకుడు రావడం ఆ కాలపు విచిత్రాల్లో ఒకటి.

హాస్టల్‌కు కులం పేరు ఎందుకు పెట్టారనేది నేటి పాఠకుడికి వచ్చే సందేహం. రెండు కారణాలు కనిపిస్తాయి. సహపంక్తి భోజనం ఇంకా పట్టింపుల మధ్య ఉన్న రోజులవి. వంటవాడెవరు, పక్కన కూర్చునేదెవరు అన్నది తేలనిదే తల్లిదండ్రులు పిల్లవాణ్ణి పంపేవారు కాదు. రెండోది డబ్బు. కులం పేరు చెబితేనే ధనికుల సంచీ మూతి విప్పుకునేది. అందుకే ఇదే దారిలో వైశ్య, మున్నూరుకాపు, గౌడ వంటి కులాల హాస్టళ్లు వరసగా వచ్చాయి. కాచిగూడ, హిమాయత్‌నగర్ ప్రాంతాల్లో ఆ బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ ఏర్పాటు వేలమందిని చదివించిన మాట నిజం. అయితే ఇందులో ఉన్న అన్యాయం కూడా అంతే నిజం. చందా ఇవ్వగల పెద్దలు ఏ కులంలో ఉన్నారో ఆ కులం పిల్లలకే నగరం తలుపు తెరుచుకుంది. భూమీ, పదవీ లేని దళితులకు తమ పేరు మీద హాస్టల్ కట్టుకునే స్తోమత ఎక్కడిది? కోస్తాలో రఘుపతి వెంకటరత్నం నాయుడు పిఠాపురం రాజా అండతో కాకినాడలో దళిత విద్యార్థులకు వసతి కల్పించారు. అలాంటి ప్రయత్నాలు ఎక్కడ జరిగినా ఒకరిద్దరు సంస్కర్తల పట్టుదల మీదే నిలిచాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు సొంత హాస్టళ్ల కథ వేరు. అవి సర్కారువి. వాటిలో హైదరాబాద్ రాజ్యంలోని తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ పిల్లలంతా ఒక కప్పు కింద చేరారు. 1938 నవంబరు చివర్లో బి హాస్టల్ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు, విద్యార్థులు మానలేదు. హాస్టళ్ల నుంచి, కాలేజీల నుంచి వారిని వెళ్లగొట్టారు. అలా నిలువనీడ పోగొట్టుకున్న వారిని నాగపూర్ విశ్వవిద్యాలయం ఉపకులపతి టి.జె. కేదార్ చేర్చుకున్నారు. అక్కడ చదువు పూర్తి చేసినవారిలో తర్వాతి కాలపు ప్రధాని పి.వి. నరసింహారావు ఒకరు. హాస్టల్ గదికీ రాజకీయానికీ ఆ రోజు పడిన ముడి మళ్లీ వీడలేదు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972లో ఇంజనీరింగ్ హాస్టల్ దగ్గర విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య, 2009 చలికాలంలో మళ్లీ ఎగసిన తెలంగాణ ఉద్యమం, అన్నిటిలోనూ ఉస్మానియా హాస్టళ్ల పేరు వినబడుతుంది. ఇందులో వింతేమీ లేదు. ఒకే మెస్సులో రెండుపూటలా కలిసే వందలమంది యువకులను కూడగట్టడానికి కరపత్రం కూడా అక్కర్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత వసతి బాధ్యతను ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, తర్వాత వెనుకబడిన తరగతుల, గిరిజన హాస్టళ్లు ఊరూరా విస్తరించాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. చందా అడగకుండా, దాత పేరు తలుచుకోకుండా హక్కుగా అన్నం తినే తరం ఈ హాస్టళ్లతోనే వచ్చింది. పురుగుల అన్నం, నీళ్ల చారు, తలుపుల్లేని మరుగుదొడ్లు ఈ చరిత్రలో భాగమే. తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు పిల్లలు ఎలాంటి అన్నం తిన్నారో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మూడో రకం హాస్టల్‌కు దాతా లేడు, సర్కారూ లేదు. 1990ల్లో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే సంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి. అక్కడి మైత్రీవనం భవనం చుట్టుపక్కల గోడల నిండా కోర్సుల పేర్లే. 1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభం కావడంతో ఆ కోర్సులకు గిరాకీ ఇంకా పెరిగింది. ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచి డిగ్రీ, బీటెక్ పూర్తిచేసిన వాళ్లు పెట్టె సర్దుకుని దిగారు. ఇళ్ల యజమానులు బ్యాచిలర్లకు అద్దెకివ్వరు. ఇచ్చినా నెలల అడ్వాన్సు అడుగుతారు. ఆ సందులో ప్రైవేటు హాస్టల్ పుట్టింది. భవనం ఒకరిది, దాన్ని లీజుకు తీసుకుని హాస్టల్ నడిపేది మరొకరు. హాలును ప్లైవుడ్‌తో గదులుగా చీల్చి, మంచాలు వరసగా వేస్తే చాలు. ఇక్కడ అద్దె గదికి కాదు, మంచానికి. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అని లెక్క. షేరింగ్ పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది. ఎస్సార్ నగర్, బల్కంపేట మీదుగా ఈ పద్ధతి కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, గ్రూప్స్ కోచింగ్ జరిగే అశోక్‌నగర్ దాకా పాకింది. బెంగళూరులో మారతహళ్లి వైపు తెలుగువాళ్లు నడిపే ఆంధ్రా పీజీలది కూడా ఇదే నమూనా.

ప్రైవేటు హాస్టల్ మంచిచెడ్డలు తేల్చేది దాని మెస్సే. పొద్దున ఉప్మానో పులిహోరో, రాత్రి అన్నం, పప్పు, ఒక కూర, ఆదివారం కోడికూర. చికెన్ ముక్కలు వడ్డించేటప్పుడు మాత్రం ఓనరే గరిటె పట్టుకుంటాడు. వేసవిలో నీళ్ల ట్యాంకర్ రాకపోతే ఆఫీసుకెళ్లే వాళ్లంతా ఒకే కుళాయి దగ్గర తేలతారు. లేడీస్ హాస్టళ్లలో వీటికి తోడు గేటు టైమింగ్. రాత్రి షిఫ్టు ఉద్యోగాలు పెరిగాకే ఆ కట్టుబాటు కొన్నిచోట్ల సడలింది. పాత కుల హాస్టల్‌తో పోలిస్తే ఇక్కడ చేరేటప్పుడు కులం అడగరు, ఆధార్ జిరాక్స్, అడ్వాన్సు అడుగుతారు. పెద్ద మార్పే. కాకపోతే ఇబ్బంది వచ్చినప్పుడు వెళ్లి చెప్పుకోవడానికి పాత హాస్టల్లో కార్యదర్శి ఉండేవాడు. ఇక్కడ వాచ్‌మన్ ఉంటాడు.

ఆ తేడా 2020 మార్చిలో బయటపడింది. లాక్‌డౌన్ మొదలవగానే చాలా హాస్టళ్లు గదులు ఖాళీ చేయమన్నాయి. వేలమంది యువతీయువకులు పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసు చేతికొచ్చి బయల్దేరిన వాళ్లు ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. హాస్టళ్లు మూయరాదని ప్రభుత్వం ఆదేశించాల్సి వచ్చింది.

హాస్టల్ మంచం నివాసమా, లాడ్జి గది వంటి వ్యాపారమా అన్న ప్రశ్న జీఎస్టీ వచ్చాక పన్ను వివాదంగా మారింది. చదువుల సంస్థల బయట నడిచే హాస్టళ్లలోనైనా ఒకరికి నెలకు 20,000 రూపాయలకు మించని వసతి, కనీసం 90 రోజులు ఏకధాటిగా ఉంటే, పన్ను నుంచి మినహాయింపు పొందాలని జీఎస్టీ మండలి 2024 జూన్ 22న సిఫార్సు చేసింది.