పెల్లాగ్రా: జబ్బు ఎవరికి రాలేదు?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పెల్లాగ్రా ప్రబలింది. చర్మం కమిలి పెచ్చులూడడం, విరేచనాలు, మతి చలించడం, చివరికి చావు. ఇది అంటువ్యాధేనని చాలామంది డాక్టర్లు తేల్చేశారు. పేదలకే ఎక్కువొస్తోంది కాబట్టి తప్పంతా వాళ్ళ మురికిదే అన్నమాట!

1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్ని పంపింది. పిచ్చాసుపత్రులూ అనాథాశ్రమాలూ తిరిగి ఆయనొకటి గమనించాడు. రోగులకి వస్తోంది, వాళ్ళ మధ్యే తిరిగే నర్సులకి రావట్లేదు. మా ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, ఒక మెషీన్లో వచ్చే బగ్ పక్కదాంట్లో రావట్లేదు. మరి రెంటికీ తేడా ఏమిటి? తిండి! రోగులకి ఎక్కువగా పెట్టేది మొక్కజొన్న. రెండు అనాథాశ్రమాల్లో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు పెట్టించాడు, జబ్బు పోయింది. 1915లో మిసిసిపీ జైల్లో 11 మంది ఖైదీలు, క్షమాభిక్ష కోసం, పసలేని తిండి తినడానికి ఒప్పుకున్నారు. ఆరుగురికి జబ్బొచ్చింది. అయినా నమ్మనివాళ్ళ కోసం 1916లో ఆయనా, భార్యా, సహచరులూ రోగుల రక్తం ఎక్కించుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది తర్వాతి పని. ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తతో కలిసి సౌత్ కరోలినా బట్టల మిల్లుల ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి, ఎవరికెంత ఆదాయం, ఏం కొంటున్నారు అని లెక్క రాశారు. ఆదాయం తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది. అంతే కాదు, ఊరి చుట్టూ పత్తి తప్ప ఇంకేం పండకపోతే చేతిలో డబ్బున్నా కొనడానికి పాలూ, మాంసం దొరకవు. అంటే జబ్బు మూలం ఒంట్లోనే కాదు, కూలిరేటులో, పంటల్లో కూడా ఉంది. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ ఈ మాటెత్తితే దక్షిణాది నాయకులు మా పరువు తీస్తున్నారని మండిపడ్డారు. జబ్బుకన్నా పరువే ముఖ్యమైంది!

లోపించింది నయాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది. చూడ్డానికి గోల్డ్‌బెర్గర్ లేడు, 1929లోనే పోయాడు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన దక్కన్‌లో జొన్నలే తిని బతికే పేదల్లోనూ పెల్లాగ్రా ఉండేది. హైదరాబాదు పోషకాహార పరిశోధన కేంద్రానికి చెందిన గోపాలన్, శ్రీకాంతియా 1960లో దాని మీద రాశారు. జొన్నల్లో లూసిన్ ఎక్కువుండటం ఒక కారణమని వాళ్ళ వాదన. దానిమీద తర్వాత చాలా చర్చ జరిగింది.

ఇప్పుడు సూపర్‌మార్కెట్లో జొన్నరొట్టె ఆరోగ్యానికి గుర్తు. నిజమే, పక్కన పప్పూ పెరుగూ ఉంటే. తప్పు జొన్నలది ఎప్పుడూ కాదు, కంచంలో ఇంకేమీ లేకపోవడానిది. ఈసారి ఎవరైనా ఫలానావాళ్ళకి శుభ్రత లేక జబ్బులొస్తున్నాయంటే, వాళ్ళు ఏం తింటున్నారో, ఏం కొనగలరో అడిగి చూడండి.