మార్కప్ భాషల్లో రసాయన ఫార్ములాల లేఖనం

ఒక అణువులో ఏ మూలకపు పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో తెలిపే రసాయన ఫార్ములాలో పరమాణువుల సంఖ్యను అక్షరం పక్కన కొద్దిగా కిందికి, అంటే సబ్‌స్క్రిప్ట్‌గా, అయాన్ విద్యుదావేశాన్ని పైకి, అంటే సూపర్‌స్క్రిప్ట్‌గా రాస్తారు. మూలకాలకు అక్షర సంకేతాలను 1813-14లో ప్రవేశపెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ సంఖ్యలను పైనే ఉంచగా, 1834లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ వాటిని కిందికి దించాడు.

అంకె నిలిచే చోటే దాని అర్థాన్ని నిర్ణయిస్తుంది. ఉదాహరణకు, యూరియా ఫార్ములా సీఓ(ఎన్‌హెచ్₂)₂. ఇందులో బ్రాకెట్ లోపలి 2 ప్రతి నైట్రోజన్‌కు రెండేసి హైడ్రోజన్లున్నాయని, బయటి 2 అటువంటి సమూహాలు రెండున్నాయని చెబుతాయి, ఆ రెండు నైట్రోజన్ల వల్లనే యూరియా బరువులో సుమారు 46 శాతం నైట్రోజన్ ఉంటుంది. సల్ఫేట్ అయాన్ విషయంలో పొరపాటుకు ఆస్కారం ఇంకా ఎక్కువ: ఎస్ఓ₄²⁻ లోని అంకెలన్నీ ఒకే వరుసలోకి వస్తే అది ఎస్ఓ42- అయి, నలభై రెండు ఆక్సిజన్ పరమాణువులున్నట్టు కనిపిస్తుంది.

పాఠ్యం మధ్యలో గుర్తులు చేర్చి ఏ భాగం ఏమిటో, ఎలా కనిపించాలో కంప్యూటర్‌కు తెలిపే పద్ధతే మార్కప్ భాష. డోనాల్డ్ క్నూత్ 1978లో వెలువరించిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థలో అండర్‌స్కోర్ అంకెను కిందికి, కేరెట్ పైకి పంపుతాయి. అయితే గణితం కోసం పుట్టిన ఆ పద్ధతి అక్షరాలను వాలుగా ముద్రిస్తుంది, మూలకాల సంకేతాలు మాత్రం నిటారుగా ఉండాలి కనుక ఎంహెచ్‌కెమ్ వంటి ప్రత్యేక ప్యాకేజీలు అవసరమయ్యాయి. వెబ్ పేజీల భాషకు 1995 నాటి 2.0 ప్రమాణంలో ఈ సౌకర్యమే లేదు. సబ్, సప్ అనే ట్యాగులకు 1997 జనవరిలో 3.2 ప్రమాణం స్థానం కల్పించింది. ఇవన్నీ అంకె ఎక్కడ కనిపించాలో చెబుతాయే తప్ప అది పరమాణువుల సంఖ్య అని చెప్పవు. పీటర్ ముర్రే-రస్ట్, హెన్రీ రెజెపా 1990లలో రూపొందించిన కెమికల్ మార్కప్ లాంగ్వేజ్ పరమాణువులను, వాటి మధ్య బంధాలను నేరుగా నమోదు చేస్తుంది. శాస్త్ర దృష్టితో చూస్తే సరైన మార్గం ఇదే.

తెలుగు పాఠ్యంలో మరో చిక్కు ఉంది. ‘అమ్మోనియా’లోని మకార వత్తు దిగే చోటికే ఫార్ములాలోని కింది అంకె కూడా దిగుతుంది కాబట్టి, పంక్తుల మధ్య ఎడం చాలకపోతే అది కింది పంక్తిలోని గుడులకు తగులుతుంది. ట్యాగు లేకుండా యూనికోడ్‌లోని ₂ వంటి చిన్న అంకెలను నేరుగా వాడవచ్చు గాని, అవి లేని ఫాంటులో వేరే ఫాంటు అంకె వచ్చి అతకనట్టు కనిపిస్తుంది. పైగా యంత్రానికి 2, ₂ వేర్వేరు అక్షరాలు కావడంతో, రెంటినీ ఒకటిగా చూసే ఏర్పాటు లేనిచోట ఒకదానితో వెతికితే రెండోది దొరకదు.