అన్నమునకు ఆదరువు

అన్నములో కలుపుకొని గాని, నంజుకొని గాని తినెడి పదార్థమును తెలుగువారు ఆదరువు అందురు. కూర, పప్పు, పచ్చడి, పులుసు మొదలగునవి యన్నియు ఆదరువులే. ఈ మాటకు ఆధారమను అర్థమును కలదు. ఆదరువు లేనిదే ముద్ద దిగదని మన యిండ్లలో వాడుక. అయితే ఆ ఆదరువు నాలుకకు మాత్రమే తోడా, లేక దేహమునకును తోడా అన్నదే ఈ ప్రసంగమున మనము విచారింపవలసిన విషయము.

మన కండలకు, రక్తమునకు, సమస్త దేహనిర్మాణమునకు మూలమైనవి మాంసకృత్తులు. పచ్చిబియ్యములో ఇవి నూరు గ్రాములకు సుమారు 7 గ్రాములు మాత్రమే. కంది, పెసర, మినుము, ఉలవలలో 22 మొదలు 24 గ్రాముల వరకు కలవు. వేరుసెనగలో 25, నువ్వులలో 18, కోడిగ్రుడ్డులో 13 గ్రాములు. కావున మన భోజనములో కడుపు నింపునది అన్నమైనను, అన్నములోని లోటును పూరింపవలసిన భారము ఆదరువుపై బడినది.

ఈ పొత్తు నిన్న మొన్నటిది కాదు. బళ్ళారి సమీపమున సంగనకల్లు వంటి దక్షిణాపథ నవీనశిలాయుగ స్థలములలో, సుమారు నాలుగువేల యేండ్ల నాటి మట్టిపొరలలో కాలి మిగిలిన గింజలు దొరకినవి. వానిలో చిరుధాన్యములతోపాటు పెసలు, ఉలవలు ఉన్నవి. అనగా మన ప్రాంతమున సేద్యము ధాన్యమును, పప్పుదినుసును జంటగానే నేర్చినది. కందికి పుట్టినిల్లు ఒరిస్సా, బస్తరు ప్రాంతములని వృక్షశాస్త్రజ్ఞు లందురు. అక్కడి అడవులలో నేటికిని దాని పూర్వరూపమైన మొక్క పెరుగుచున్నది. సెనగ పశ్చిమాసియా నుండి వచ్చినది. వేరుసెనగ దక్షిణ అమెరికాలో పుట్టి, పందొమ్మిదవ శతాబ్దిలో మన మెట్టపొలములలో విస్తారముగా వ్యాపించినది.

ఈ గింజలను మన వంటయిల్లు ఎన్ని రూపులకు త్రిప్పినదో చూడుడు. ముద్దపప్పు, కందిపొడి, పెసరపచ్చడి, మినపవడియము, నువ్వులపొడి, రాగిసంకటితో వేరుసెనగపచ్చడి. వానకాలమున కూరగాయ దొరకనినాడు వడియము, పొడి అక్కరకు వచ్చును. అయితే రూపము మారినకొలది బలమును మారునని మరువరాదు. ఉలవచారు రుచికి ప్రసిద్ధము. కాని ఉలవలను ఉడికించి వార్చిన నీటితో అది తయారగును. గుగ్గిళ్ళు ఎడ్లకు పోయును, చారు మనుష్యులకు వచ్చును. మాంసకృత్తులలో అధికభాగము ఎడ్లకే దక్కును.

మన పూర్వుల భోజనమంతయు సమృద్ధమని భ్రమపడుటయు తగదు. పెండ్లికావలసిన వానిని పప్పన్న మెప్పుడు పెట్టెదవని అడుగుట మన భాషలో పరిపాటి. పప్పన్నము పెండ్లికి పర్యాయపదమైనదనగా, అనేక కుటుంబములకు అది నిత్యభోజనము కాదనియే కదా అర్థము! కూలివాని గంజిలోనికి ఉల్లిపాయయో, మిరపకాయయో ఆదరువు. అది ముద్దను దించినది గాని, దేహమును నిలుపలేదు.

ఈ జంట వెనుకనున్న కారణమును శాస్త్రము చాల ఆలస్యముగా కనుగొన్నది. 1838లో హాలెండు దేశీయుడగు మ్యూల్డరు, స్వీడను శాస్త్రజ్ఞుడు బెర్జీలియసు సూచనపై, ఈ పదార్థమునకు ప్రోటీను అని పేరు పెట్టెను. 1914లో అమెరికాలో ఆస్బర్ను, మెండెలు ఎలుకలకు మాంసకృత్తులలో మొక్కజొన్నకు సంబంధించిన ఒక్కదానినే పెట్టి చూచిరి. ఎలుకలు క్షీణించినవి. ట్రిప్టొఫాను, లైసిను అను రెండు ఆమ్లములను చేర్చగా అవి తిరిగి పెరిగినవి. మాంసకృత్తులన్నియు ఒకే విలువ కలవి కావని దీనితో స్పష్టమైనది. వీనికి ఇటుకల వంటి అమినో ఆమ్లములలో తొమ్మిదింటిని మన దేహము స్వయముగా చేసికొనజాలదు. బియ్యములో లైసిను కొరత; పప్పులో అది సమృద్ధి. పప్పులో మెథియొనిను కొరత; బియ్యము, నువ్వులు దానిని కొంత తీర్చును. ఒకదాని లోటును మరొకటి పూరించుటచేతనే పప్పన్నము విడివిడిగా పప్పుకంటెను, అన్నముకంటెను మేలైనది.

మన దేశమున ఈ పరిశోధనకు కూనూరు కేంద్రమైనది. 1920వ దశకములో మెకారిసన్ వివిధ ప్రాంతముల ఆహారములను ఎలుకలకు పెట్టి పోల్చిచూడగా, గోధుమ, పప్పు, పాలు, కూరలు గల పంజాబు భోజనము మొదట నిలిచినది. మద్రాసు ప్రాంతపు వరియన్నము కడపట నిలిచినది. 1937లో ఎక్రాయిడ్ భారతీయ ఆహారముల పోషకవిలువల పట్టికను ప్రకటించెను. ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యైనది.

1968లో ఐక్యరాజ్యసమితి, మాంసకృత్తుల సంక్షోభము ముంచుకొని వచ్చుచున్నదని హెచ్చరించెను. మాంసకృత్తుల పొడులే మందని పలువురు తలచిరి. హైదరాబాదు సంస్థకు అధిపతియైన డాక్టర్ సి. గోపాలన్ అట్లు తలపలేదు. 1973లో ఆయనయు, సహచరులును ప్రకటించిన పరిశోధనలో, పోషణ చాలని పిల్లలకు ముఖ్యముగా కెలొరీల నిచ్చు అదనపు ఆహారము పెట్టగా వారి పెరుగుదల మెరుగైనది. కడుపు నిండనినాడు దేహము మాంసకృత్తులనే కట్టెలవలె కాల్చుకొనును. ముందు అన్నము చాలవలెను. పిమ్మట ఆదరువు తన పని తాను చేయును.

అన్నము చాలించు ప్రయత్నములో మనము చాలవరకు కృతార్థులమైతిమి. హరితవిప్లవము వరిని, గోధుమను పెంచినది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో బియ్యము రెండు రూపాయలకు పంచనారంభించిరి. కాని నీటివసతిగల పొలములు వరికి, గోధుమకు పోగా, పప్పుధాన్యములు వానపై ఆధారపడు మెట్టకే మిగిలినవి. 1951లో దేశమున మనిషికి దినమునకు సుమారు 60 గ్రాముల పప్పుదినుసులు లభింపగా, 2001 నాటికి అది సుమారు 30 గ్రాములకు దిగినది. అటుపిమ్మట కొంత కోలుకొన్నను, పాతలోటు పూర్తిగా తీరలేదు.

అందుచేత గరిటెడు పప్పును నీటితో పెంచి పదిమందికి వడ్డించుట పొదుపని మురియుటకు వీలులేదు. పలుచనైన పులుసు అన్నమును తడుపును గాని దేహమును పోషింపదు. చిక్కని పప్పో, గుప్పెడు గుగ్గిళ్ళో, గ్రుడ్డో, చేపయో, పెరుగో ఏదియైనను సరే, ప్రతిదినము ప్రతి విస్తరిలో, ముఖ్యముగా బిడ్డల విస్తరిలోను, అందరికి వడ్డించి కడపట కూర్చుండు గృహిణి విస్తరిలోను ఉండవలెను. నాలుగువేల యేండ్లక్రితము మన నేలలో మొలచిన ఈ జంటను విడదీయక నిలుపుకొన్ననాడే ఆదరువు అను మాట సార్థకమగును.