షోలవరపు పందెములు, అల్లవరపు దారి

గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ సాగరమున లీనమగు ఓడలరేవును తన మండలమున నిలుపుకొన్న మా అల్లవరమున కూర్చుండి, దేశపు మోటారు పందెముల చరిత్రను వ్రాయబూనుట కొందరికి విడ్డూరముగ తోచవచ్చును. కాని ఊరినుండి వెడలు దారి ఎందాక పోవునో, ఆ దారి వెంబడి ఏమేమి జరిగెనో అదియు ఊరి చరిత్రలోనిదే యని నా నమ్మకము. అల్లవరమునుండి అమలాపురము, అమలాపురమునుండి రావులపాలెము చేరి, అచ్చటి జాతీయ రహదారిని పట్టి దక్షిణముగ సాగినచో, మద్రాసు ఇంక కొలది దూరమున్నదనగా షోలవరము వచ్చును. అంబాజీపేట కొబ్బరికాయల లారీలు మద్రాసునకు పోవు త్రోవ అదియే. మన దేశమున మోటారు పందెములు వేళ్ళూనిన చోటును ఆ షోలవరమే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానములు దిగుటకై షోలవరమున వేసిన బాటలు, యుద్ధము ముగిసిన పిదప పనిలేక పడియుండెను. ఆ యుద్ధమే మన సీమకు చేసిన అపకారమును ఇచ్చట తలపక తప్పదు. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలుమార్గపు పట్టాలను యుద్ధావసరముల పేర ఊడబెరికి తరలించుకొనిపోయిరి. గౌతమి ఆవలి యొడ్డు వరకైనను వచ్చిన రైలును పోగొట్టుకొని కోనసీమ వాసులు మరల కాలువ పడవలను, నాటు బండ్లను ఆశ్రయింపవలసి వచ్చెను. ఆ మార్గమున మరల రైలు నడచుటకు 2004 వరకు వేచియుండవలసినదాయెను. మన దారిని హరించిన యుద్ధము మద్రాసు ముంగిట ఒక దారిని విడిచిపోవుట విధివైపరీత్యము గాక మరేమి?

1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడెను. ఆ ఏడే అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించి, అంతవరకు మా తూర్పుగోదావరికి రాజధానియైన మద్రాసు పరాయిదాయెను. ఆ క్లబ్బు పందెములు నడిపిన షోలవరపు బాటలు ఆంగ్లాక్షరమైన ‘టీ’ ఆకారమున నుండుటచే, నిడుపైన బాటపై శరవేగమున వచ్చిన బండి మలుపుకడ ఒక్కుమ్మడి వేగము తగ్గించుకొని తిరుగవలెను. అట్టి మలుపులయందే చోదకుని నేర్పు తేటపడును. దేశపు నలుమూలలనుండి కార్లును, మోటారు సైకిళ్ళును అచ్చటికి చేరెడివి. గోండల్ మహారాజు వంటి సంస్థానాధీశులు విదేశీయ యంత్రములను దెచ్చి పరుగెత్తించెడివారు. అయితే విదేశములనుండి కారు తెప్పించుకొనగల శ్రీమంతుల వినోదముగ మిగిలినంతకాలము దానిని జాతీయ క్రీడ యనుటకు నా మనసొప్పదు.

ఆ లోపమును తీర్చినవాడు కరివర్ధన్. కోయంబత్తూరున తరతరములుగ స్థిరపడి మిల్లులు నెలకొల్పిన తెలుగు నాయుళ్ళ వంశీకుడాయన. విదేశపు యంత్రమునకై ఎదురుచూడక, మన వీధులలో తిరుగు మారుతి 800 ఇంజనునే తీసికొని, ఒక్కరు మాత్రమే కూర్చుండదగిన పందెపు కారును రూపొందించి, ఫార్ములా మారుతి పోటీలకు ప్రాణము పోసెను. 1995లో విమాన ప్రమాదమున ఆయన అకాలమరణము పాలగుట ఈ క్రీడకు తీరని నష్టము. ఆ ఫార్ములా మారుతితోనే పందెములలో అడుగిడిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను. కోయంబత్తూరు కడ నిర్మించిన పందెపు బాటకు కరివర్ధన్ పేరిడుట సముచితము.

ఆ మారుతి 800ను మా వారెట్లెరుగుదురో చెప్పవలెను. వంతెన పడకమునుపు, బోడసకుర్రు రేవున వైనతేయను దాటవలెనన్న కారు పంటు నెక్కవలసినదే. ఒడ్డునుండి పంటుమీదికి వేసిన రెండు బల్లలపై ముందు చక్రములు సూటిగ నిలుచువరకు పంటుమనిషి చేయూపుచు కేకలు వేయుచుండును. డ్రైవరు ఊపిరి బిగబట్టి అంగుళమంగుళము పోనిచ్చును. వెనుక చక్రములెక్కగనే పంటు ఒక ప్రక్కకు ఒరిగి, మరల నిలదొక్కుకొనును. షోలవరమున గాలితో పోటీపడిన యంత్రమే ఇచ్చట బల్లకట్టు చివర నత్తనడక నేర్చుకొనెను. నేర్పు విషయమున మా పంటు డ్రైవరు పందెగానికి తీసిపోడని నేను నిస్సంశయముగ చెప్పగలను.

తరువాతి కథ పలువురెరిగినదే. షోలవరమును విడిచి పందెములు శ్రీపెరుంబుదూరు కడనున్న ఇరుంగాట్టుకోటకు తరలెను. 2011 మొదలు మూడేండ్లు ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ జరుగగా, మూడుమారులును సెబాస్టియన్ వెటెల్ గెలిచెను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగరపు గట్టున విద్యుత్తుతో నడచు ఫార్ములా ఈ కార్లు పరుగెత్తగా ఫ్రాన్సు దేశీయుడు జాఁ ఎరిక్ వెర్న్ విజేతయయ్యెను. ఆ నగరము చట్టరీత్యా రెండు రాష్ట్రములకు ఉమ్మడి రాజధానిగ నున్న కడపటి కాలమది. మరుసటి ఏటి పోటీ రద్దయ్యెను.

మద్రాసు క్లబ్బు చరిత్రను ఆ నగరవాసులు వ్రాసికొందురు. మద్రాసు రహదారిపై కొబ్బరి లారీలు తోలిన మన డ్రైవర్లు, మద్రాసు షెడ్లలో పని నేర్చిన మన మెకానిక్కులు చూచినది మాత్రము ఎచ్చటను వ్రాతకెక్కలేదు. వారిలో షోలవరపు పందెమును కన్నులార చూచినవారు అల్లవరమునగాని, చుట్టుపట్ల గ్రామములందుగాని ఉన్నచో, తమ జ్ఞాపకములను మనుమలచేతనైనను వ్రాయించి, ఊరి గ్రంథాలయమున భద్రపరుపవలెనని నా ప్రార్థన.