పోరుమామిళ్ళ శాసనమూ, మా పెరటి నిమ్మచెట్టూ



తెలుగు పండితునిగా పనిచేసిన కాలమంతా సప్తసంతానాలను పిల్లల చేత వల్లె వేయించాను. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు. వీటిలో తటాకానికీ వనానికీ గల చుట్టరికం మాత్రం 2002 నాటి కరువులో గాని నాకు బోధపడలేదు.

ఆ యేడు నైరుతి వానలు ముఖం చాటేశాయి. మా పెరటి బావిలో చేద అడుగు ఇసుకను గీరుకొని పైకి వచ్చేది. మా అమ్మ నాటిన నిమ్మచెట్టు, మా ఇల్లాలి మల్లెపొద, కరివేపచెట్టు, రెండు జామలు, వంగ, బెండ మళ్ళు. అన్నిటికీ సమానంగా తలా ఇన్ని చెంబులు పోస్తూ వచ్చాను. పక్షపాతం అధర్మమని నా ఊహ. నెల తిరక్కుండానే అన్నీ సమానంగా వాడిపోసాగాయి.

ఆ దినాలలోనే పోరుమామిళ్ళ చెరువు శాసనాన్ని మళ్ళీ చదివాను. కడప సీమలోని ఆ చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించాడు. దానికి అనంతరాజ సాగరమని పేరు. సంస్కృతంలో ఉన్న ఆ శాసనం శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. నిత్యం 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 సంవత్సరాల పని అని అందులో ఉన్నది. శాసనకర్త అంతటితో ఊరుకోలేదు. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, పరిహరించవలసిన 6 దోషాలను కూడ లెక్కించాడు. జలశాస్త్రం తెలిసిన విప్రుడు, గట్టి నేల, తీయని నీటి నది, పనిలో ఆరితేరిన జనం అంగాలలోనివి. కట్టలో నీరు ఊరడం, చవుటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు కొంచెమై తడపవలసిన నేల విస్తారం కావడం, నేల కొంచెమై నీరు అధికం కావడం దోషాలు.

అయిదవ దోషం వద్ద నా చూపు నిలిచిపోయింది. నేను ధర్మమనుకొన్నది ఆ దోషమే. నీటిని పెంచడం నా చేతిలో లేదు. నేలను తగ్గించుకోవాలి. కూరమళ్ళను, జామలను వదులుకొన్నాను. అయినా నీరు చాలలేదు. మల్లె సంగతి ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే అన్నది: "మల్లెకేమండీ, వానలు పడితే ఇంకో అంటు తెచ్చుకోవచ్చు. అత్తమ్మ చెట్టు మళ్ళీ రాదు గదా."

ఇక మిగిలిన నీటిని ఎలా వాడాలన్నది ప్రశ్న. చైనాలో క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఫాన్ షెంగ్‌జి అనే పండితుడు వ్రాసిన వ్యవసాయ గ్రంథంలో దీనికొక ఉపాయం ఉన్నది. గుంత నడుమ మట్టి కుండను మూతి నేలమట్టంగా ఉండేటట్లు పాతి, నీరు నింపి, చుట్టూ నాలుగు దోసజాతి విత్తులు నాటి, మూతిపై పెంకు కప్పమన్నాడు. మూలగ్రంథం నశించినా, 6వ శతాబ్దపు మరో గ్రంథం ఆ భాగాలను కాపాడింది. పూత లేని కుండ గోడల గుండా ఎండిన మట్టి నీటిని పీల్చుకొంటుంది. మట్టి తడిసినకొద్దీ ఆ పీల్పు తగ్గుతుంది. ఎండకు ఆవిరయ్యేది స్వల్పం.

కుమ్మరి వద్ద నాలుగు కడవలు తెచ్చి, నిమ్మచెట్టు గొడుగు అంచున, పీచువేళ్ళు ఉండే చోట, మెడదాకా పాతాను. పైన వేరుశెనగ పొట్టు పరిచాను. బియ్యం కడిగిన నీళ్ళు కడవలో పోస్తే ఆ గంజికి సూక్ష్మరంధ్రాలు పూడిపోతాయి. అందుచేత అవి కరివేపచెట్టు పాదుకు. కడవలలోకి తేటనీరే.

6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో, వర్షకాలంలో నేల ఎండినప్పుడే చెట్లకు నీరు పోయమన్నాడు. నేను దానిని కరువుకాలానికి అన్వయించుకొన్నాను. తారీఖును చూడక, మట్టిలో వేలు గుచ్చి చూచి నీరు పోశాను.

వానలు వచ్చాక నిమ్మ చిగిర్చింది. మల్లె దక్కలేదు. ఎంత నీటికి ఎంత నేల అన్నది శాసనం చెప్పింది గాని, ఏ చెట్టును వదలుకోవాలో చెప్పలేదు. అది మా ఇల్లాలు చెప్పవలసి వచ్చింది.

మీ ఊరి చెరువుకట్ట మీద శాసనం ఉంటే ఒకమారు శ్రద్ధగా చదివి చూడండి. రాజుల ప్రశస్తి దాటిన తరువాత, మనకు పనికివచ్చే మాట ఒకటైనా ఉండకపోదు.