బొగ్గుట్టకు ముందున్న గూడేలు

ఇల్లందును మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. సింగరేణి చరిత్ర అక్కడే మొదలైందని పిల్లలకు పాఠం చెబుతాం. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కు పొందింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలకు ఈ సంవత్సరాలన్నీ నోటికి వచ్చు.

కానీ ‘కనుగొన్నాడు’ అనే మాట దగ్గర మేము కొంచెం ఆగుతాం. భద్రాచలం పోయే యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెడితే రాళ్లే అంటుకున్నాయని ఒక కథ చెప్పుకుంటారు. కథలో యాత్రికులున్నారు, కబురు విని వచ్చిన దొర ఉన్నాడు. ఆ అడవిలో పోడు కొట్టుకుని, ఇప్పపూలు ఏరుకుని బతికే కోయవాళ్లు మాత్రం లేరు. వాళ్లు ఆ రాళ్లను చూడలేదంటే నమ్మేదెట్లా?

పుస్తకం మరిచినా ఊరి పేర్లు మరవలేదు. సింగరేణి అన్నది మొదట ఒక చిన్న ఊరు. ఆ పేరే కంపెనీకి పెట్టారు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్నది కొత్తగూడెంలో. టేకులపల్లి మండలంలో ఓపెన్‌కాస్టు పేరు కోయగూడెం. మా వైపు గూడెం అంటే ఎవరి ఊరో విడిగా చెప్పనక్కర్లేదు. బావులకేమో అంకెలు: ఐదో నంబరు, ఇరవై ఒకటో నంబరు ఇంక్లైన్. అంకె పడిన చోట అంతకుముందు ఏ గుట్ట, ఏ వాగు, ఎవరి వేల్పు ఉండేదో రాసినవాళ్లు తక్కువ.

బొగ్గు కోసం డోర్నకల్ నుంచి రైలు దారి వచ్చింది. దూరప్రాంతాల నుంచి కూలీలు వచ్చారు. గని కప్పు కూలకుండా నిలబెట్టిన దిమ్మెలు అడవి చెట్లే. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తినవాళ్ల కష్టం మీద పాటలు, కథలు వచ్చాయి, రావలసిందే. దిమ్మెలు నరికిన చేతుల మీద మాత్రం పెద్దగా రాలేదు.

తర్వాత తవ్వకం కొత్తగూడెం, బెల్లంపల్లి వైపు కూడా పాకింది. ఇల్లందులో పాత బావులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. బావి మూస్తే పైన నేల కొంతైనా మిగులుతుంది. ఓపెన్‌కాస్టు అట్లా కాదు. పైమట్టి, చెట్టు, చేను అన్నీ తీసి పక్కన పోస్తారు. అవే ఇప్పుడు మనం చూసే మట్టిగుట్టలు.

చట్టం లేక కాదు. 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై చట్టం మన భూమిని గిరిజనేతరులకు బదలాయించొద్దంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చే గని లీజులు చెల్లవంది. ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డు లేదు. భూమి తీసుకునేటప్పుడు చూసేది పట్టా కాగితం. తాతల నాటి పోడుకు కాగితం ఎక్కడిది? దాన్ని అడిగే దారి 2006 అటవీ హక్కుల చట్టంతో గానీ రాలేదు.

అందుకే మేము ఏడో తరగతి పిల్లలకు ఒక పని ఇస్తున్నాం. ఇంట్లో తాతను, అవ్వను అడిగి, మట్టిగుట్టల కింద పోయిన చెలమలు, చేన్లు, ఇప్పచెట్ల పేర్లు కోయ మాటల్లోనే రాసుకు రమ్మంటున్నాం. తెలుగు లిపిలో రాస్తే చాలు. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. చెప్పేవాళ్లకు ఇప్పటికే ఎనభై దాటాయి.