దహనమా, ఖననమా? సైబరాబాద్ నేలలోని బృహత్ శిలా సమాధులు

గత భాగంలో నవీన శిలాయుగపు బూడిద దిబ్బలను గురించి తెలుసుకున్నాం. ఈ భాగంలో ఇనుప యుగానికి చెందిన బృహత్ శిలా సమాధులను పరిశీలిద్దాం. ఇందుకు దూరప్రాంతాల ఉదాహరణలు అవసరం లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన హైటెక్ సిటీకి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇటువంటి సమాధులు బయటపడ్డాయి. ఆచార్య కె.పి. రావు ఆధ్వర్యంలో చరిత్ర శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది.

సమాధుల్లోకి వెళ్ళే ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. అది చాలామందికి కాల్పనిక సాహిత్యం ద్వారా కలిగినది. అద్భుత కాల్పనిక నవలల్లో, వాటి ఆధారంగా తీసిన ధారావాహికల్లో, ఒక్కొక్క ప్రాచీన జాతికి ఒక్కొక్క అంత్యక్రియ ఉంటుంది. టోల్కీన్ నవలల్లో రోహన్ రాజులను పచ్చిక దిబ్బల కింద పూడ్చుతారు. గోండోర్ పాలకులను రాతి మందిరాల్లో పడుకోబెడతారు. జార్జ్ మార్టిన్ నవలల్లో స్టార్క్ వంశానికి భూగర్భ సమాధులు, టల్లీ వంశానికి నదిలో వదిలి నిప్పు బాణంతో ముట్టించే పడవ, డోత్రాకీలకు చితి. పాఠకుడికి ఇది సౌకర్యంగా ఉంటుంది, శవాన్ని ఏం చేశారో చూసి ఎవరి మనుషులో చెప్పేయవచ్చు. ఇదే సూత్రాన్ని పురావస్తు శాస్త్రానికి అన్వయిస్తేనే చిక్కు. 'పూడ్చినవారు ఒక జాతి, కాల్చినవారు మరొక జాతి, రెండోవారు వచ్చి మొదటివారిని తరిమారు' అనే కథనం మన పాత చరిత్ర పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. దక్కన్ ఆధారాలు దీన్ని సమర్థించవు.

సమాధి నిర్మాణం

పైకి కనిపించేది పెద్ద గుండ్లను వలయంగా పేర్చిన కట్టడం. వలయం లోపల చిన్న రాళ్ళ కుప్ప ఉంటుంది. కుప్పను తొలగించి కిందికి తవ్వితే, నాలుగు వైపులా గ్రానైట్ పలకలు నిలిపి, మీద మూతరాయి పెట్టిన రాతిపెట్టె బయటపడుతుంది. కొన్నిచోట్ల ఒక పలకకు గుండ్రని రంధ్రం చేస్తారు. రాతిపెట్టెకు బదులు కాళ్ళున్న మట్టి శవపేటికలు కూడా తెలంగాణలో లభించాయి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్విన సమాధి మూతరాయి బరువు సుమారు 40 టన్నులు. దాన్ని ఎత్తడానికి క్రేన్ తెప్పించవలసి వచ్చింది. క్రేన్ లేని కాలంలో దాన్ని అక్కడికి చేర్చడానికి ఎంతమంది చేతులు కావాలో ఆలోచించండి. అంతమందిని కూడగట్టి, పని పూర్తయ్యేవరకు తిండి పెట్టగల వ్యవస్థ ఆ సమాజంలో ఉండేది. సమాధి నుంచి చరిత్రకారుడు గ్రహించే మొదటి విషయం మృతుని గురించి కాదు, బతికున్నవారి గురించి.

లోపల నలుపు–ఎరుపు మట్టిపాత్రలు, ఇనుప కత్తులు, బాణపు మొనలు, గొడ్డళ్ళు, కొడవళ్ళు, పూసలు ఉంటాయి. ఎముకలు మాత్రం తరచుగా అసంపూర్ణం. ఒక పుర్రె, కొన్ని కాళ్ళూ చేతుల ఎముకలు, అంతే. అంటే శవాన్ని మొదట మరోచోట ఉంచి, మాంసం పోయాక ఎంపిక చేసిన ఎముకలను తెచ్చి పెట్టారన్నమాట. దీన్ని ద్వితీయ ఖననం అంటారు. కొన్ని సమాధుల్లో పూర్తి అస్థిపంజరాలున్నాయి, కొన్నింటిలో ఒకరికంటే ఎక్కువమందివి ఉన్నాయి. గ్రానైట్ నుంచి ఏర్పడిన మన ఎర్రనేలల్లో ఎముక త్వరగా కరిగిపోతుంది కనుక, ఎముక లేని సమాధిని 'ఖాళీ సమాధి' అని తేల్చడం తొందరపాటు.

ఒకే సమాజం, అనేక పద్ధతులు

సాహిత్య ఆధారాలు కూడా ఇదే సూచిస్తాయి. తమిళ కావ్యం మణిమేఖలై ఒకే శ్మశానంలో ఐదు రకాలవారిని పేర్కొంటుంది: కాల్చేవారు, బయట వదిలేవారు, గోతిలో పూడ్చేవారు, నేల కింది గదిలో ఉంచేవారు, కుండతో కప్పేవారు. ఋగ్వేదం పదవ మండలంలో అగ్నిలో దహించబడిన పితరులతో పాటు దహించబడని పితరుల ప్రస్తావన ఉంది. అంతదాకా ఎందుకు, మన ఊళ్ళనే చూడండి. పెద్దవారిని దహనం చేసే కుటుంబమే పసిబిడ్డ పోతే పూడ్చిపెడుతుంది. జంగములు మృతుని కూర్చున్న భంగిమలో ఖననం చేస్తారు. సన్యాసికి చితి ఉండదు, సమాధి ఉంటుంది. వెయ్యేళ్ళ తరువాత ఎవరో వీటిని తవ్వి, 'ఇక్కడ నాలుగు జాతులు నివసించాయి' అని రాస్తే మనం నవ్వుకుంటాం.

మరో హెచ్చరిక. రాతి సమాధి ఆనాటి జనంలో అందరికీ దక్కి ఉండదు. శ్రమను కూడగట్టగల కుటుంబాలవారే ఇందులో ఉన్నారని భావించవచ్చు. మిగిలిన జనం ఎక్కడ, ఎలా సాగిపోయారన్నదానికి నేలలో ఆనవాలు మిగలలేదు.

రాక్షసులు, మరుగుజ్జులు

ఈ కట్టడాల చుట్టూ మన గ్రామీణులూ తమ కాల్పనిక సాహిత్యాన్ని అల్లుకున్నారు. తెలంగాణలో వీటిని రాక్షస గుళ్ళు, రాకాసి గుళ్ళు అంటారు. ఇంత పెద్ద రాళ్ళు మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులు ఎత్తారు! ఒకప్పటి నిజాం రాజ్యంలోని హిరేబెణకల్ ప్రాంతంలో తర్కం తిరగబడింది. ఇళ్ళు చిన్నవి కాబట్టి మోరియరు అనే మరుగుజ్జులు కట్టుకున్నారు! టోల్కీన్ తన కాల్పనిక లోకపు సమాధి దిబ్బల్లో ప్రేతాలను నివసింపజేయడానికి చాలాకాలం ముందే మన పశువుల కాపరులు ఆ పని చేశారు. అయితే ఈ కథలను కొట్టిపారేయకూడదు. రాళ్ళు కదిలిస్తే కీడు జరుగుతుందన్న భయమే ఎన్నో సమాధులను మనదాకా కాపాడి ఉంటుంది.

సురపురం ప్రాంతంలో 1850ల నాటికే ఫిలిప్ మెడోస్ టేలర్, భువనగిరి దగ్గరి రాయగిరిలో వైద్యుడు ఇ.హెచ్. హంట్ తవ్వకాలు జరిపారు. హంట్ వ్యాసం 1924లో వెలువడింది. కాలనిర్ణయం మాత్రం ఇంకా వివాదమే. దక్కన్ సమాధులను సాధారణంగా క్రీ.పూ. 1000 తరువాతి శతాబ్దాల్లో పెడతారు. గచ్చిబౌలి ఇనుప వస్తువులు క్రీ.పూ. 2000 కంటే ముందువని ఓఎస్‌ఎల్ పరీక్ష ఆధారంగా కె.పి. రావు ప్రతిపాదించారు. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం శివగళై ఇనుముకు ఇంకా ప్రాచీనమైన తేదీలు ప్రకటించింది. ఓఎస్‌ఎల్ చెప్పేది ఇసుక రేణువు లేదా మట్టి చివరిసారి వెలుతురునో వేడినో ఎప్పుడు చూసిందన్నది. ఇనుము వయసు కాదు. ఆ రెండింటి సంబంధం ప్రతి సమాధిలోనూ విడిగా నిరూపించాలి. మరిన్ని సమాధులు తవ్వితేనే ఇది తేలుతుంది.

ఆ సమాధులు మిగలాలి కదా. సికింద్రాబాద్ శివారు హష్మత్‌పేటలోని రాతి సమాధులు కేంద్ర రక్షిత కట్టడాలు. చుట్టూ మాత్రం కాలనీలు పెరిగాయి. ఐటీ కారిడార్‌లో గుండ్లను పేల్చి కంకరగా మార్చారు. పునాది కోసం రాయి కొట్టేవాడికి వలయంలోని గుండుకూ మామూలు గుండుకూ తేడా తెలియదు. (పరీక్షల్లో తరచుగా జరిగే పొరపాటు: శాతవాహన అవశేషాలు దొరికిన కొండాపూర్ సంగారెడ్డి జిల్లాలోనిది, హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు.)

మీ ప్రాంతంలో ఇటువంటి వలయం కనిపిస్తే రాళ్ళను కదిలించవద్దు, తవ్వవద్దు. వలయం అడ్డుకొలత, గుండ్ల సంఖ్య, మధ్యలో రాళ్ళ కుప్ప ఉన్నదీ లేనిదీ రాసుకోండి. ఊరివారు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో అడిగి అదీ రాయండి. ఫొటో తీసి రాష్ట్ర వారసత్వ శాఖకు తెలియజేయండి.